ఆకుపచ్చ దారం సీసా

జూన్ 9

వదినగారికి,

మీరు పంపిన పెట్టె బస్సులో క్షేమంగా చేరింది. కండక్టరు దాన్ని దింపుతూ "ఇంత పెట్టె ఇంత తేలికేంటమ్మా?" అని అడిగాడు. ఖాళీ సీసాలని చెబితే నవ్వుతాడని తల వంచుకుని తెచ్చేసుకున్నాను. మీ తమ్ముడు మాత్రం ఊరుకోలేదు. "మా అక్క డాక్టరేటు చదివీ చదివీ చివరికి సీసాల వ్యాపారంలోకి దిగింది" అని అన్నం తింటూ నవ్వీ నవ్వీ పొలమారారు.

సందేహాలుంటే ఫోను చెయ్యమన్నారు. షాపు ఫోను దగ్గర నాకు గొంతు పెగలదు వదినా. షాపతను త్రాసు పక్కన పెట్టి మరీ వింటాడు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. నా చదువు అయిదో తరగతితో ఆగిపోయింది, తప్పులుంటే దిద్దుకుని చదవండి.

మీరు చెప్పింది నాకు అర్థమైన మేరకు తిరిగి రాస్తున్నాను. ఊళ్ళో ఆరు బావుల నీళ్ళు కావాలి. సీసాని ఆ బావి నీళ్ళతోనే మూడుసార్లు తొలవాలి. అంచు దాకా నింపి, గాలి బుడగ లేకుండా మూత బిగించాలి. ఏ సీసా ఏ బావిదో మీరు అడిగే రోజు దాకా మీకు చెప్పకూడదు. ఇంతవరకు సరే. సీసాల మీద ఒకటి, రెండు అని అంకెలు వెయ్యమన్నారు చూడండి, అక్కడ నాకో అనుమానం వచ్చింది. ఎవరైనా ఇంటి నుంచే కదా మొదలుపెడతారు? ఒకటో సీసా మన బావిదే అని మీరు ఇట్టే కనిపెట్టేస్తారు. అందుకని అంకెలు మానేసి ఒక్కో సీసా మెడకి ఒక్కో రంగు దారం కట్టాను. ఎరుపు, తెలుపు, నలుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. ఏది ఏ బావిదో నా ఒక్కదానికే తెలుసు. మీ తమ్ముడు బతిమాలినా చెప్పలేదు. నేను చేసింది తప్పయితే కోప్పడండి, మళ్ళీ నింపుతాను.

మీ మేనకోడలు బాగుంది. జ్వరం వచ్చి తగ్గాక నాకు పాలు పడటం లేదు, డబ్బా పాలు పడుతున్నాం. నర్సమ్మ బావి నీళ్ళు వద్దంది, బడి దగ్గర కుళాయి నీళ్ళు తెచ్చి మరిగించి కలపమంది. బడికి వెళ్ళాలంటే షాపు ముందు సిమెంటు బెంచీ దాటాలి. దాని మీద ఎప్పుడూ నలుగురైదుగురు మగవాళ్ళు ఉంటారు. నేను బిందె చంకన పెట్టుకుని వస్తుంటే మాటలు ఆపేస్తారు, దాటగానే మొదలుపెడతారు. ఆ కాసేపు వాళ్ళు మాట్లాడకుండా ఉండటం నాకు బిందెకన్నా బరువు.

పాప ఏడిస్తే బావి దగ్గరికి తీసుకువెళ్తాను. గిలక కీచుమనగానే ఠక్కున ఏడుపు ఆపి కళ్ళు పెద్దవి చేసుకుని వింటుంది. మీ తమ్ముడు గిలకకి నూనె వేస్తానంటే వద్దని చెప్పాను.

మీ మరదలు


జూన్ 21

మరదలు పిల్లా,

కోప్పడమన్నావు కాబట్టి కోప్పడుతున్నాను. ఇంత తెలివి ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు? మా మాస్టారు నీ దారాలు చూసి కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తారు. "ఎవరు కట్టారివి?" అన్నారు. మా మరదలండి అన్నాను. "అయితే నువ్వు ఊరికి పోయి పాప ఉయ్యాల ఊపు, ఆవిణ్ణి ల్యాబుకి పంపు" అన్నారు. నవ్వుతూనే అన్నారు గాని, నాకు కాస్త గుచ్చుకుంది.

ఏ బావిదో నాకు తెలియకూడదని ఎందుకన్నానో చెబుతాను. నేను ఆ ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని. ఏ బావి పక్కన ఎవరు ఎంత ఎరువు చల్లుతారో, ఎవరు మందు కొట్టి చేతులు ఎక్కడ కడుక్కుంటారో నాకు తెలుసు. సీసా ఎక్కడిదో తెలిస్తే మిషను చెప్పకముందే నా మనసు చెప్పేస్తుంది. అలాంటి లెక్క చెత్తబుట్టకి కూడా పనికిరాదు.

మూడేళ్ళుగా ఇదే పని. పొలాల్లో పోసే ఎరువులూ మందులూ నేలలోకి దిగి తాగే నీళ్ళలో కలుస్తున్నాయా లేదా అని చూడటం. ఇంతవరకు తెచ్చిన సీసాలన్నీ చప్పగా వచ్చాయి. ఏమీ లేదు, ఏమీ లేదు అని అంత లావు పుస్తకం ఎలా రాయను? ఈ ఏడాది చివరికి ఏదో ఒకటి తేలకపోతే నా సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. హాస్టలు గది కూడా ఖాళీ చెయ్యాలి. తమ్ముడికి ఇదంతా చెప్పకు. వాడు వెంటనే నాకు సంబంధాలు చూడటం మొదలుపెడతాడు.

ల్యాబులో సీసాలు దాచే ఫ్రిజ్ మీద 'తినేవి పెట్టరాదు' అని అట్ట వేలాడుతుంటుంది. తలుపు తీస్తే నా అన్నం గిన్నె కనిపిస్తుంది. ఇది కూడా ఎవరికీ చెప్పకు.

గిలకకి నూనె వెయ్యనివ్వకు. నన్నూ తమ్ముణ్ణీ పెంచింది ఆ కీచుమనే చప్పుడే. నా మేనకోడలికి దగ్గరుండి వినిపించు. ఇంకో పెట్టె పంపుతున్నాను, వచ్చే నెలలో నింపి పంపు. ఏ దారం ఏ బావిదో మారకుండా చూసుకో.

మీ వదిన


జూలై 30

వదినగారికి,

రెండో విడత సీసాలు నింపాను. ఈ ఉత్తరం కూడా పెట్టెలోనే సీసాల మధ్య పెడుతున్నాను. స్టాంపు ఖర్చు మిగులుతుందని కాదు, ఉత్తరం సందున ఉంటే సీసాలు ఒకదానికొకటి కొట్టుకోవు.

నాకు ఊళ్ళో కొత్త పేరు వచ్చింది. సీసాలు పట్టుకుని బావుల వెంట తిరుగుతుంటే బెంచీ మీద ఒకతను "లేవండ్రా, నీళ్ళ ఇన్‌స్పెక్టరు గారొస్తున్నారు" అన్నాడు. అందరూ లేచి నిలబడ్డారు. నవ్వాలో ఏడవాలో తెలియక సీసాని కొంగులో దాచుకున్నాను. ఇంటికి వచ్చి మీ తమ్ముడితో చెబితే "మరి జీతమెంతో అడిగావా?" అన్నారు. ఆయనకి అన్నీ ఆటలే.

పాపకి బుగ్గలు వచ్చాయి. నేనే ఒక గౌను కుట్టాను, మెడ చుట్టూ తీగల్లా కుట్టు వేశాను. వంకరగా వచ్చింది గాని పాపకి తెలియదు కదా. పెరటి మడి ఈసారి నిగనిగలాడుతోంది.

వదినా, ఒక మాట అడగాలని ఉంది. అడగవచ్చో లేదో తెలియదు. మొన్న వానలో కుళాయి నీళ్ళు తెస్తూ బెంచీ ముందే జారి పడ్డాను. బిందె దొర్లుకుంటూ వాళ్ళ కాళ్ళ దగ్గరికి పోయింది. ఎవరూ నవ్వలేదు. ఒకాయన లేచి బిందె తెచ్చి ఇచ్చాడు కూడా. నవ్వి ఉంటేనే బాగుండేది. అప్పటి నుంచి ఆ దారిన వెళ్ళాలంటే కాళ్ళు రావడం లేదు. ఈ ఆరు బావుల్లో పసిపిల్లకి పట్టదగ్గ నీళ్ళు దేనిలోనైనా ఉన్నాయా? బావి పేరు అక్కర్లేదు, దారం రంగు చెబితే చాలు. చెప్పకూడనిదైతే వదిలెయ్యండి, నేనేమీ అనుకోను.

మీ మరదలు


ఆగస్టు 1

మరదలు పిల్లా,

గబగబా రాస్తున్నాను. బట్టలు ఇంకా సర్దుకోలేదు. సాయంత్రం బండికి మాస్టారితో సెమినారుకి వెళ్తున్నాను, అటు నుంచి ఇంకో ల్యాబులో పని. తిరిగి వచ్చేసరికి నెల దాటుతుంది. నువ్వు పంపే పెట్టె మా గదిలో అమ్మాయి తీసుకుని ఫ్రిజ్‌లో పెడుతుంది, దిగులు పడకు.

నీ మొదటి విడత సీసాలు చూడటం అయింది. ఆకుపచ్చ దారం సీసా ఎంత బాగా వచ్చిందనుకున్నావు! మిగతా అయిదూ ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు. మాస్టారు ల్యాబులో ఉన్నవాళ్ళందరినీ పిలిచి చూపించారు. ఎప్పుడూ మెచ్చుకోని మనిషి నా భుజం తట్టారు. మూడేళ్ళుగా నేను వెతుకుతున్నది ఈ సీసా కోసమే! ఏ పొలం బావో గాని, వచ్చినప్పుడు దాని గట్టుకి దండం పెడతాను.

ఇప్పుడే ఎవరితోనూ అనకు. ఒక్క సీసాని నమ్మి మాట బయటపెట్టకూడదు, ఇంకోసారి చూసి రూఢి చేసుకోవాలి. అది ఏ బావో నాకు కూడా చెప్పకు. నేను అడిగేదాకా నోరు విప్పవద్దు. నీ చలవ వల్ల నేను గట్టెక్కాను. పాపకి నా ముద్దులు.

మీ వదిన


ఆగస్టు 7

వదినగారికి,

నా ప్రశ్న మీకు చేరిందో లేదో అనుకుంటూ ఉండగానే జవాబు వచ్చేసింది. అంత హడావిడిలోనూ నా మాట గుర్తుపెట్టుకుని రాశారు. ఎన్నిసార్లు చదువుకున్నానో! "ఏం రాసిందేంటి మా అక్క, అంత వెలిగిపోతున్నావు?" అని మీ తమ్ముడు లాక్కోబోయారు. ఇవ్వలేదు. నోరు విప్పవద్దన్నారు కదా.

'ఏ పొలం బావో' అన్నారు. నాకు నవ్వు ఆగలేదు. ఆకుపచ్చ దారం బావి ఎవరిదో గాని, ఆ ఇంటివాళ్ళు అదృష్టవంతులు. ఇంతకన్నా ఒక్క ముక్క కూడా రాయను. మీరు అడిగే రోజున మీ మొహం చూడాలని ఉంది.

ఇక నాకు బెంచీ ముందు నుంచి నడిచే బాధ తప్పింది. ఎలా తప్పిందో కూడా ఆ రోజే చెబుతాను. నర్సమ్మ చదువుకన్నా మీ చదువు పెద్దది కదా. అలాగని ఆవిడ మాట కూడా తీసెయ్యలేదు, నీళ్ళు మరిగించే కలుపుతున్నాను. ఇంకా మంచిదని బాగా ఇంకేదాకా పొయ్యి మీదే ఉంచుతున్నాను.

పాప ఈ రెండు మూడు రోజుల్లోనే చాలా బుద్ధిమంతురాలైపోయింది. ఇదివరకటిలా గొంతు చించుకుని ఏడవదు. పాలు తాగి పడుకుంటుంది, లేపితే గాని లేవదు. అంతా మేనత్త పోలిక అంటున్నారు మీ తమ్ముడు. చిన్నప్పుడు మీరు బడి వేళకి కూడా లేచేవారు కాదట కదా!

మీ మరదలు


సెప్టెంబరు 14

అమ్మా,

నిన్ను ఇంకేమని పిలవాలో తెలియలేదు.

నేను వచ్చేసరికి అంతా అయిపోయింది. ఉయ్యాల విప్పి గోడకి ఆనించారు. నువ్వు గోడ వైపు తిరిగి పడుకున్నావు. వెనక కూర్చుని నీ వీపు మీద చెయ్యి వేశాను. అది నేనని నీకు తెలుసో లేదో. గుండె జబ్బని పట్నం డాక్టరు చెప్పాడని తమ్ముడన్నాడు. వాడు అంత నెమ్మదిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. ఏమీ అడగలేక, ఏమీ చెప్పలేక వచ్చేశాను. బయల్దేరేటప్పుడు తమ్ముడు బస్సు దాకా వచ్చి, నా సంచీ నాకు ఇవ్వడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు.

హాస్టలుకి వచ్చాక మెట్ల దగ్గర నీ ఆగస్టు ఉత్తరం కనిపించింది. నిన్న ఫ్రిజ్ తీసి నీ రెండో పెట్టె విప్పితే సీసాల మధ్య జూలై ఉత్తరం దొరికింది. మా గదిలో అమ్మాయి పెట్టె విప్పకుండానే లోపల పెట్టేసిందట. కాగితం చల్లగా, మెత్తగా అయిపోయింది. అందులో నువ్వు అడిగిన ప్రశ్న ఇప్పుడు చదివాను. నా ఉత్తరం దానికి జవాబు కాదమ్మా. అప్పటికి నీ ప్రశ్న నాకు అందనేలేదు.

'బాగా వచ్చింది' అని రాశాను. మా ల్యాబులో అలాగే అంటాం. వెతుకుతున్నది ఎంత ఎక్కువ దొరికితే అంత బాగా వచ్చినట్టు. ఆకుపచ్చ దారం సీసా అన్నిటికన్నా చెడ్డది. చేలో పోసిన ఎరువు నేలలోకి దిగి నైట్రేటుగా మారి ఆ నీళ్ళలో నిండిపోయింది. దానికి రంగు లేదు, వాసన లేదు. పెద్దవాళ్ళు తాగితే వెంటనే ఏమీ తెలియదు. నెలల పిల్లలకి, అదీ డబ్బా పాలు తాగేవాళ్ళకి, ఒంట్లో రక్తం ఊపిరిని మోయలేకపోతుంది. పెదాలు, గోళ్ళు నీలంగా మారతాయి. మరిగిస్తే పోదు. నీళ్ళు ఆవిరైపోతాయి, అది మిగిలిపోయి ఇంకా చిక్కబడుతుంది. కనిపెట్టగల డాక్టరుంటే ఒక్క ఇంజెక్షనుతో బతికించవచ్చు. ఇదంతా ఆ రోజే రాయాల్సింది. పొలం బావి అనుకున్నాను, ఎవరు తాగుతారులే అనుకున్నాను, బండికి వేళవుతోంది అనుకున్నాను.

'ఆ ఇంటివాళ్ళు అదృష్టవంతులు' అని రాశావు. ఆ ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఇప్పుడే పరుగెత్తి చెప్పు. మాస్టారి లెక్కలు, నా పుస్తకం అన్నీ మంటలో కలవనీ.

బెంచీ ముందు నుంచి నడిచే బాధ తప్పిందన్నావు. తమ్ముడే నీళ్ళు తెచ్చి ఇస్తున్నాడు, అంతే కదా? బడి కుళాయి నీళ్ళే కదా? అంతేనని రాయి.

అడిగేదాకా చెప్పవద్దన్నాను. ఇప్పుడు అడుగుతున్నాను. ఆకుపచ్చ దారం ఏ బావిది?

మీ వదిన


సెప్టెంబరు 22

వదినా,

అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఎరుపు షాపతని బావి. తెలుపు బడి వెనక ఉన్నది. నలుపు, పసుపు పొలాల్లోవి. నీలం పక్కింటివాళ్ళది.

ఆకుపచ్చ మనది. పాప గౌనుకి తీసి ఉంచిన దారంలోంచి ఒక ముక్క తుంచాను. మన బావికి మన పాప దారం అనుకుని కట్టాను.

మీ ఉత్తరం వచ్చిన రోజే మీ తమ్ముడికి చదివి వినిపించాను. మరిగిస్తే ఇంకా చిక్కబడుతుంది అన్న చోట ఆపమన్నారు. మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను. లేచి పెరట్లోకి వెళ్ళారు. ఎరువు బస్తాలన్నీ బావి గట్టు పక్కనే ఉన్నాయి. పెరటి మడికి ఈసారి రెండింతలు వేశారు, డబ్బా పాలకి లోటు రాకూడదని. చాలాసేపు వాటి ముందు నిలబడి, బస్తాల జోలికి పోకుండా గిలక విప్పేశారు. తెచ్చి అటక మీద పెట్టి "ఇక దాన్ని వినలేను" అన్నారు.

పాప పెదాలు సిరా అంటినట్టు ఉండేవి వదినా. చలికేమోనని ఇంకో దుప్పటి కప్పాను. దీపం వెలుతురుకి అలా కనిపిస్తోందిలే అన్నారు మీ తమ్ముడు. పట్నం డాక్టరు గుండె మీద గొట్టం పెట్టి చూసి, లోపల ఏదో లోపం అన్నాడు. ఏ నీళ్ళు కలుపుతున్నావని ఎవరూ అడగలేదు. అడిగితే గర్వంగా చెప్పేదాన్ని, మా వదిన పరీక్ష చేసి బాగున్నాయన్న నీళ్ళని.

నాకు తెలిసిన 'బాగా' ఒక్కటే. అన్నం బాగా ఉడికింది, కుట్టు బాగా వచ్చింది, బిడ్డ బాగా ఉంది. మీ దగ్గర ఇంకో 'బాగా' ఉందని నాకు తెలియదు.

మీ తప్పేమీ లేదని రాయమని మీ తమ్ముడు పక్కనే కూర్చుని చెబుతున్నారు. పెన్ను అక్కడే ఆగిపోతోంది. కోపంతో కాదు. ఆ మాట రాస్తే నా తప్పు కూడా లేదని నమ్మాలి. రోజూ పొయ్యి ముందు కూర్చుని ఆ నీళ్ళు ఇంకించింది నేనే కదా. ఎప్పటికైనా ఇద్దరం ఒకచోట కూర్చున్నప్పుడు, మీరు నాకు చెప్పండి, నేను మీకు చెబుతాను. ఉత్తరంలో వద్దు. మన ఉత్తరాల్లో మాటలు దారిలో మారిపోతున్నాయి.

నిన్న బెంచీ దగ్గరికి వెళ్ళాను. దాటి పోకుండా ఆగాను. ఎప్పటిలాగే మాటలు ఆపేశారు. తల వంచుకునే చెప్పాను, గొంతు పైకి రాలేదు. షాపతను త్రాసు పక్కన పెట్టి "కాస్త గట్టిగా చెప్పమ్మా" అన్నాడు. "బావి నీళ్ళు పసిపిల్లలకి పట్టకండి, మరిగించి కూడా పట్టకండి" అన్నాను. ఎవరు చెప్పారని అడిగాడు. మా వదిన చెప్పిందన్నాను. పక్క వీధిలో ఒకింటి కోడలికి నెలలు నిండాయి. ఆ రోజు నా బిందె తెచ్చి ఇచ్చినాయన ఆమెకి మామ అవుతాడట, నాకు తెలియదు. పొద్దున అతనే బిందె భుజాన పెట్టుకుని బడి కుళాయికి వెళ్తుంటే కిటికీలోంచి చూశాను.

పుస్తకం మంటలో కలవనీ అన్నారు. వద్దు. రాయండి. మా పాప సంగతి అందులో ఎక్కడో ఒకచోట ఉంటుంది కదా, పేరు లేకపోయినా. కానీ ఆ సీసా గురించి రాసేటప్పుడు బాగా వచ్చిందని మాత్రం రాయకండి.

ఇంకోసారి రూఢి చేసుకోవాలన్నారు. పెట్టె పంపుతున్నాను. మూడుసార్లు తొలిచాను, అంచు దాకా నింపాను, గాలి బుడగ లేదు. గిలక లేదు కాబట్టి చేత్తోనే తోడాను. ఆకుపచ్చ దారం ఇంకా మిగిలే ఉంది, కట్టబుద్ధి కాలేదు. సీసా మీద కాగితం అంటించి 'మనది' అని రాశాను.

మీ మరదలు